ఎవరూ పాడని వేలం

గుంటూరు మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్ళు కమీషన్ వ్యాపారం చేసిన మావయ్య ఒకవైపు, హైదరాబాదులో మొబైల్ గేములు తయారుచేసే మేనకోడలు ఒకవైపు. పాత వీడియో గేముల్లో పేరు రాకుండా పోయిన మంచివాటిని వెతికి పట్టుకుని మళ్ళీ ఆడించాలన్నది ఆమె పట్టు. కాలం వదిలేసినదాన్ని మనమూ వదిలెయ్యాలన్నది ఆయన మాట. నా పక్షం మేనకోడలిదే. అయితే మావయ్య అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పకుండా ఆ పక్షాన నిలబడటం కుదరదు. అందుకే ఇద్దరి మాటలూ ఇస్తున్నాను.

మావయ్య: మరియో, కాంట్రా అంటే ఒప్పుకుంటానమ్మాయ్. తొంభైల్లో మావాడి వేసవి సెలవులన్నీ వాటికే సరిపోయాయి. టీవీకి డబ్బా తగిలించడం, క్యాసెట్ ఊది పెట్టుకోవడం, కరెంటు పోతే ఏడవడం. వాటిని తలుచుకునేవాళ్ళు ఈనాటికీ లక్షల్లో ఉన్నారు. నువ్వేమో ఎవరూ తలుచుకోని వాటిని తలుచుకోమంటున్నావు. జనం మర్చిపోయారంటే దానికో కారణం ఉంటుందిగా?

మేనకోడలు: ఉంటుంది మావయ్యా. ఆ కారణం ఆట బాగోలేకపోవడమే అని ఎందుకనుకోవాలి? లోకంలో అతి చెడ్డ ఆటల్లో ఒకటని పేరు మోసిన ‘ఇ.టి.’ ఉంది. 1982 క్రిస్మస్ అమ్మకాలకు అందాలని హోవర్డ్ స్కాట్ వార్షా అనే ప్రోగ్రామర్ చేత దాన్ని అయిదు వారాల్లో చేయించారు. తయారుచేసినన్ని అమ్ముడుపోలేదు. 1983లో అటారీ కంపెనీ మిగిలిపోయిన సరుకును న్యూ మెక్సికోలో అలమొగోర్డో అనే ఊరి చెత్తదిబ్బలో పూడ్చేసింది. 2014లో ఆ దిబ్బను తవ్వి దాదాపు 1,300 క్యాసెట్లు బయటికి తీశారు. అందులో నుంచి ఒక ‘ఇ.టి.’ స్మిత్సోనియన్ మ్యూజియం దాకా వెళ్ళింది. దాన్ని పూడ్చిన ఏడాదే ‘మ్యూల్’ అనే ఆట వచ్చింది. ఆటలు తయారుచేసేవాళ్ళని అడగండి, తలెత్తి చూడాల్సిన ఆట అంటారు. అమ్ముడైంది మాత్రం 30,000 దాకా. పేరు నిలబడటానికీ విలువకీ సంబంధం ఉంటే ఇలా జరిగేది కాదు.

మావయ్య: తయారుచేసేవాళ్ళు మెచ్చుకుంటే సరిపోతుందా? ఆడేవాడు మెచ్చుకోవాలి. ఇంతకీ ఏముందందులో?

మేనకోడలు: వేలంపాట ఉంది. మీకు చెప్పాలని అనుకున్నదే అందుకు. మ్యూల్ అంటే కంచరగాడిద, ఆటలో అది మర గాడిద. ఇరాటా అనే గ్రహం మీద నలుగురు వలస వచ్చి దిగుతారు. అటారీ పేరు తిరగేసి ఆ గ్రహానికి పెట్టారు. నెలకో చెక్క భూమి దక్కుతుంది. కొట్లో గాడిదను కొని, తిండి పండించడానికో, శక్తి తయారీకో, స్మితోర్ అనే ఖనిజం తవ్వడానికో కావలసిన సరంజామా దానికి కట్టించి, గడువు లోపల మీ చెక్క దాకా తోలుకెళ్ళాలి. తిండి నిల్వ తక్కువున్నవాడికి ఆ గడువు తగ్గిపోతుంది. శక్తి చాలకపోతే దిగుబడి పడిపోతుంది. స్మితోర్ కొట్టుకు చేరకపోతే కొట్టువాడు కొత్త గాడిదలు చెయ్యలేడు, ఉన్నవాటి ధర మండిపోతుంది. పూర్తి ఆట ఇలా పన్నెండు నెలలు.

మావయ్య: పండిందంతా నిల్వ పెట్టుకుంటే?

మేనకోడలు: నెల తిరిగేసరికి తిండిలో సగం, శక్తిలో పావు వంతు చెడిపోతాయి.

మావయ్య: ఖనిజం చెడదుగా. అది పట్టుకుని కూర్చుంటా. తేజ రకం మిర్చి ధర పడిపోయినప్పుడు టిక్కీ బస్తాలన్నీ కోల్డ్ స్టోరేజీకి తోలేవాళ్ళం కాదూ?

మేనకోడలు: అందరికీ అదే బుద్ధి పుడుతుంది మావయ్యా. అప్పుడు కొట్లో గాడిదలుండవు. మీ కొత్త చెక్కే బీడుగా పడుంటుంది. ఇక నెలాఖరున వేలం. తెర మీద కొనేవాళ్ళు కింద, అమ్మేవాళ్ళు పైన. అమ్మేవాడు జాయ్‌స్టిక్ లాగితే అతని బొమ్మ ఒక్కో మెట్టు కిందికి దిగుతుంది, అంటే ధర తగ్గిస్తున్నాడు. కొనేవాడు పైకి నడిస్తే ధర పెంచుతున్నాడు. ఇద్దరూ ఒక గీత దగ్గర కలిస్తే బేరం కుదిరినట్టు. అక్కడ కలిసి నిలబడ్డంతసేపూ సరుకు ఒక్కొక్క యూనిట్‌గా చేతులు మారుతుంది. నలుగురూ ఒకేసారి కదులుతుంటారు, గడువు కరిగిపోతుంటుంది. తెర మీద మాటలుండవు. బతిమాలడం, బెదిరించడం, ‘ఇంకొక్క మెట్టు దిగరా’ అనడం, అంతా గదిలోనే.

మావయ్య: ఇద్దరు కుమ్మక్కైతే?

మేనకోడలు: దానికీ చోటు పెట్టారు. అమ్మేవాడూ కొనేవాడూ ఒకేసారి బటన్ నొక్కితే మిగతావాళ్ళు తలదూర్చకుండా వాళ్ళిద్దరే బేరమాడుకోవచ్చు.

మావయ్య: ఎవరో వ్యాపారం తెలిసినవాడే చేశాడిది.

మేనకోడలు: అర్కాన్సాస్ రాష్ట్రంలో లిటిల్ రాక్ అనే ఊళ్ళో ఓజార్క్ సాఫ్ట్‌స్కేప్ అని నలుగురి జట్టు. పెద్ద డాన్ బంటెన్. 1992లో లింగమార్పిడి చేయించుకుని డానియెల్ బంటెన్ బెర్రీ అయ్యారు. ఆమె మొదటి ఆట 1978 నాటి ‘వీలర్ డీలర్స్’. అందులోనూ నలుగురు కలిసి వేలం ఆడాలి. దానికోసం ప్రత్యేకమైన మీటల పెట్టె కూడా డబ్బాలో పెట్టి అమ్మారు. ఖరీదు ఎక్కువైంది, 50 మాత్రమే అమ్ముడుపోయాయి. అయినా పట్టు వదలకుండా అయిదేళ్ళకు మ్యూల్ చేసింది.

మావయ్య: పట్టుదల గొప్పదే, కాదనను. నా ప్రశ్న వేరే. ఆట నియమాలు ఇంత చక్కగా, కంప్యూటర్ ముట్టని నాకు తెలిసేట్టు చెప్పావు. అదే ఒక పుస్తకంగా రాసి పెట్టు. గుర్తుంటుంది. ఆ పాత యంత్రం, పాత ప్రోగ్రాము ఎందుకు మొయ్యాలి?

మేనకోడలు: యార్డు వేలం మీద పుస్తకం చదివొచ్చినవాడికి మీ కొట్టు అప్పజెప్పేవారా?

మావయ్య: సరుకు ముట్టుకోనివాడికి ఎలా అప్పజెబుతాను!

మేనకోడలు: అదే మావయ్యా. ఆఖరి రెండు సెకన్లలో ఎదుటివాడి కళ్ళలోకి చూసి ఒక మెట్టు దిగాలా వద్దా అని చెయ్యి ఆగే క్షణం నేను రాయలేను. ఆ క్షణం కోసమే ఈ నియమాలన్నీ పేర్చారు. పాత సినిమా పోతే కథయినా చెప్పుకోవచ్చు. ఆటలో కథ కన్నా ముందు మీరు చేసే పని ఉంటుంది. చెయ్యడానికి వీల్లేకపోతే ఆట పోయినట్టే. పేరూ, అట్ట మీది బొమ్మా మిగులుతాయి.

(మేనకోడలి వాదానికి ఆయువుపట్టు ఇక్కడుందని నా నమ్మకం. పాత ఆటల గురించి రాసేవాళ్ళు ఎక్కువగా బొమ్మల్నీ సంగీతాన్నీ చిన్ననాటి సెలవుల్నీ తలుచుకుంటారు. ఆటలో అసలు ఆలోచన దాని నియమాల అల్లికలో ఉంటుంది. తిండి తగ్గితే కాలం తగ్గుతుందన్న ఒక్క కట్టుబాటుతో కరువంటే ఏమిటో చేతికి తెలిసేలా చెయ్యడం చిన్న ఆలోచన కాదు. దాన్ని పుస్తకంలా, చిత్రంలా గౌరవించాలి.)

మావయ్య: మంచి నియమం చచ్చిపోదమ్మాయ్, చేతులు మారుతుంది. ఇవాళ యార్డులో ఈ-నామ్ అని కంప్యూటర్లో ధరలు వేస్తున్నారు. మేం పాడిన తీరు పోయింది. వ్యాపారం పోయిందా? మ్యూల్‌లో పనికొచ్చేదంతా ఈపాటికి కొత్త ఆటల్లోకి వచ్చేసే ఉంటుంది. రానిది పనికిరానిదై ఉంటుంది.

మేనకోడలు: కొంత వచ్చింది. 2000లో వచ్చిన ‘ద సిమ్స్’ కోట్లమంది ఆడిన ఆట, చేసినాయన విల్ రైట్. ఆయన దాన్ని బంటెన్‌కు అంకితమిచ్చారు. అప్పటికి ఆమె పోయి రెండేళ్ళు, 1998లో. కానీ ఆ ఆటలో ఒంటరిగా కూర్చుని బొమ్మ మనుషుల్ని పెంచుతాం. నలుగురు ఒక యంత్రం ముందు కూర్చుని బేరమాడటం దానికి సంక్రమించలేదు. ఎందుకు రాలేదో చెబుతాను, పనికొచ్చేదే మిగులుతుందన్న మీ జల్లెడ సంగతి తేలుతుంది. అటారీ 400, 800 యంత్రాలకు నాలుగు జాయ్‌స్టిక్‌లు తగిలించుకునే వీలుండేది. మ్యూల్ పుట్టింది 800 మీద. అదే 1983లో వచ్చిన అటారీ 1200ఎక్స్ఎల్‌కి ఆ నాలుగూ రెండయ్యాయి. ఇళ్ళల్లో ఎక్కువగా ఉన్న కమొడోర్ 64కీ రెండే. నలుగురి కోసం అల్లిన ఆటకు నాలుగు చేతులు పట్టే చోటు లేకుండా పోయింది. ఇందులో ఆట తప్పేముంది?

మావయ్య: తరవాతెప్పుడైనా మళ్ళీ చేసుండొచ్చుగా.

మేనకోడలు: తొంభైల మొదట్లో బంటెన్ సెగా జెనెసిస్ అనే యంత్రం కోసం మొదలుపెట్టింది. తుపాకులూ బాంబులూ పెట్టమన్నారు ప్రచురించేవాళ్ళు. ఆమె పెట్టనంది. ఆ ఆట రాలేదు. 2009లో ‘ప్లానెట్ మ్యూల్’ అని ఇంటర్నెట్‌లో ఆడుకునే కొత్త రూపం వచ్చింది. అందులో నలుగురూ నాలుగు ఊళ్ళలో ఉండొచ్చు. కానీ పక్కన కూర్చున్నవాడి నిట్టూర్పు వినపడదు.

మావయ్య: పెట్టననడం నాకు నచ్చింది. అయినా వ్యాపారం ఆటలో గెలుపోటములు ఎలా తేలతాయి?

మేనకోడలు: ఎక్కువ ఆస్తి ఉన్నవాడు గెలుస్తాడు. కాకపోతే చివర నలుగురి ఆస్తీ కలిపి వలస బతికిందా చితికిందా అని కూడా తీర్పు వస్తుంది. పక్కవాళ్ళను మరీ పిండేస్తే గెలిచినవాడు చితికిపోయిన ఊరికి పెద్ద అవుతాడు. ఇంకోటి. మధ్యమధ్యలో అదృష్టాలూ అనర్థాలూ వచ్చిపడతాయి. అందరికన్నా ముందున్నవాడికి అదృష్టం రాదు. అందరికన్నా వెనకున్నవాడికి అనర్థం తగలదు.

మావయ్య: ఇదిగో, ఇక్కడ చెడింది. ఇంతసేపూ వ్యాపారంలా ఉంది, ఇప్పుడు ధర్మసత్రం చేశారు. లోకంలో అలా ఎక్కడుంది? వడగళ్ళు పడితే అప్పు తెచ్చి కౌలుకు చేసినవాడి పంట మీదే ముందు పడినట్టుంటుంది. ధర లేని రోజున సరుకు ఆపుకోలేనిదీ వాడే. ఉన్నవాడు కోల్డ్ స్టోరేజీ బాండు చేతిలో పెట్టుకుని కూర్చుంటాడు. ముప్ఫై ఏళ్ళు చూశాను. లేనివాణ్ణి అనర్థం తప్పించుకు పోవడం ఒక్కసారీ చూళ్ళేదు.

మేనకోడలు: లోకం అలా లేదనేగా ఆ నియమం కనబడుతోంది మీకు? ఉన్నదున్నట్టు పెడితే నాలుగో నెలకే ఒకడు లేచి వెళ్ళిపోతాడు. నలుగురూ ఆఖరుదాకా కూర్చోవాలంటే వెనకబడ్డవాడికి ఆశ మిగలాలి. వేలంలో ఎవరి మీదా జాలి చూపరు, అదృష్టంలో మాత్రం చూపుతారు. ఎక్కడ కఠినంగా ఉండాలో ఎక్కడ మెత్తబడాలో ఆ జట్టు కూర్చుని ఆలోచించి తేల్చింది. అది వాళ్ళ అభిప్రాయం మావయ్యా, లోకం గురించి. మీరు దానితో వాదిస్తున్నారు. ఆటతో వాదించాలనిపించడం కన్నా దానికి ఏం గౌరవం కావాలి?

మావయ్య: మాటల్లో పెట్టకు. అమెరికా వాళ్ళ ఆట అది. ఆ యంత్రం నేనెరిగినవాళ్ళెవరింట్లోనూ లేదు. నువ్వు పుట్టకముందే పోయింది. మావాడు కాంట్రా తలుచుకుంటే అర్థముంది. మనం ఆడని ఆట మనకు గుర్తుండటమేంటి?

మేనకోడలు: ఆడిన ఆటల మీద ప్రేమ ఆటను తూచనివ్వదు. అందులో మన సెలవులు కలిసిపోతాయి. మ్యూల్ మీద నాకు అలాంటి మమకారం లేదు, కాబట్టే నా మాట నమ్మండి. కాంట్రా మన దాకా వచ్చిందంటే, అది మీవాడు టీవీకి తగిలించిన నకలు డబ్బాల్లో దాన్ని కుక్కి పంపినవాడి ఎంపిక. మన దగ్గరికి ఏది రాలేదో అది మనకు తెలిసే అవకాశమే లేకపోయింది. సరే, యంత్రాలూ బేరాలూ పక్కన పెట్టండి. మీకు రేడియో నాటకాలంటే ఇష్టం కదా?

మావయ్య: విజయవాడ కేంద్రం నాటకం ఉందంటే కొట్టు కట్టేసి వచ్చేవాణ్ణి.

మేనకోడలు: బొమ్మే లేని వీడియో గేమ్ ఒకటుంది. 1997లో జపాన్‌లో సెగా శాటర్న్ యంత్రానికి వచ్చింది. పేరు ‘రియల్ సౌండ్’. చేసినాయన కెంజి ఎనో, కంపెనీ పేరు వార్ప్. టీవీ తెర నల్లగా ఉంటుంది. చిన్ననాటి ప్రేమకథ ఒకటి నాటకంలా వినిపిస్తూ పోతుంది. కథ మలుపు తిరిగే చోట గంటల చప్పుడు వస్తుంది, అప్పుడు మీరు దారి ఎంచుకోవాలి. చూపులేని అభిమానులు కొందరు తన ఆటలు ఆడుతున్నారని, దానికి వాళ్ళు ఎన్ని పాట్లు పడుతున్నారో తెలుసుకుని ఎనో దీన్ని మొదలుపెట్టారు. కళ్ళున్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే ఆట ఒకేలా ఆడాలని. శాటర్న్‌కి మాత్రమే ఇవ్వాలంటే చూపులేనివాళ్ళకు వెయ్యి యంత్రాలు ఉచితంగా ఇవ్వాలని సెగాను అడిగారు. వెయ్యి ఆటలు తాను ఇస్తానన్నారు. ఆట డబ్బాలో బ్రెయిలీలో సూచనలు, ఒక పొట్లం మూలికల విత్తనాలు పెట్టారు.

మావయ్య: విత్తనాలా!

మేనకోడలు: అవును, నాటుకుంటే వాసన వస్తుందిగా. ఎనో 2013లో పోయారు, 42 ఏళ్ళకే. ఇరవై తొమ్మిదేళ్ళ కిందటి మాట చెబుతున్నాను, ఈ రోజుకీ పెద్ద పెద్ద స్టూడియోల్లో చూపులేనివాళ్ళ సంగతి ఆఖరి నెలలో గుర్తొస్తుంది. మా ఆఫీసుల్లో కూర్చున్న పిల్లలకు ఎనో పేరు చెబితే ముఖాలు చూస్తారు. ఇప్పుడు చెప్పండి, దీని విలువంతా కొత్త ఆటల్లోకి చేరిపోయిందా?

మావయ్య: లేదు. దీని మీద నీతో వాదించను. కానీ భాష జపనీస్. మనకు వినడానికి ఉపయోగం ఏముంది?

మేనకోడలు: తెలుగులో అలాంటిది చెయ్యడానికి ఉపయోగం. ఇన్ని వేల నాటకాలు రేడియోలో విన్న జాతి మనది. చెవితో ఆడే ఆట ఒక్కటైనా తయారుచెయ్యొచ్చన్న ఊహ రావాలంటే, ఒకరు చేశారని తెలియాలి. భాషే అడ్డమైతే ‘విబ్-రిబ్బన్’ ఉంది. 1999లో ప్లేస్టేషన్‌కి మసాయా మత్సూరా చేశారు. నల్లటి తెర మీద ఒక తెల్లగీత, దాని మీద నడిచే కుందేలు. మీ ఇంట్లో పాటల సీడీ తీసి యంత్రంలో పెడితే ఆ పాట నుంచే గుంటలూ మిట్టలూ పుట్టించి దారి వేస్తుంది. ఘంటసాల పాట పెట్టినా దారి పడుతుంది. 2012లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం తన మొదటి 14 ఆటల్లో దాన్నీ తీసుకుంది.

మావయ్య: సీడీలు కూడా అటకెక్కాయి.

మేనకోడలు: అదే నా బెంగ. ఆట ఒక్కటి దాస్తే చాలదు, దాన్ని నడిపే యంత్రం, పెట్టే సీడీ, నాలుగు చేతులు. 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ ఒక లెక్క తీసింది. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇవాళ బజార్లో కొనడానికి దొరకవు.

మావయ్య: కొనేవాడు లేని సరుకు బజార్లో ఎందుకుంటుంది?

మేనకోడలు: కొనేవాడున్నాడో లేడో అమ్మకానికి పెడితే కదా తెలిసేది. చాలావాటికి కంపెనీలు మూతపడ్డాయి, చేతులు మారాయి, హక్కు ఎవరిదో చిక్కుముడి పడింది. పోనీ లైబ్రరీలు తమ దగ్గరున్న ప్రతుల్ని పరిశోధకులు దూరం నుంచి ఆడి చూసుకునేలా అనుమతి అడిగాయి. 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ కార్యాలయం కాదంది. వినోదానికి వాడుకుంటారేమోనన్న భయం ఒకటి.

మావయ్య: ఆగాగు. వాళ్ళు అమ్మరు. అమ్మనివ్వరు. గోడౌన్‌కి తాళం వేసి, తొంగి చూసినవాణ్ణీ తప్పు పడతారా? సరుకు కొనేవాడు లేక ఆగితే నేనేమీ అనను, అది బజారు న్యాయం. తాళం వేసి ‘చూడండి, ఎవరూ అడగడం లేదు’ అంటే అది బజారు కాదు. ఇప్పటిదాకా నువ్వు చెప్పినవాటన్నిట్లో నాకు కోపం తెప్పించింది ఇదే.

మేనకోడలు: మీ కోపం న్యాయమే. కానీ తాళం తీస్తే చాలదు మావయ్యా. తీశాక ‘రియల్ సౌండ్’ ఎంతమంది కొంటారు? బజారు ఎత్తుకోనివాటిని ఎత్తుకోవడానికే లైబ్రరీలున్నాయి. 1921లో రఘుపతి వెంకయ్య, ప్రకాశ్ తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ సినిమా మనకు పేరుగానే మిగిలింది, చూద్దామంటే బొమ్మ లేదు. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో. అప్పటికి ఎవరు దాచారు?

మావయ్య: దాస్తే సరిపోతుందా? ఎవరూ ముట్టని రీళ్ళ మీద దుమ్ము పేరుకుంటుంది. గుర్తుంచుకోవాలి అని నువ్వంటే నాకింకా గొంతు దిగడం లేదు. నలుగురు ఆడితే అదే గుర్తుంటుంది, ఆడకపోతే ఎన్ని మ్యూజియాలు పెట్టినా ఉండదు.

మేనకోడలు: ఆ మాట ఒప్పుకుంటాను. అందుకే ఆడాలంటున్నాను.

మావయ్య: ఆ వేలం ఆట నీ కంప్యూటర్లో పెట్టగలవా?

మేనకోడలు: నాలుగు కంట్రోలర్లు తగిలిస్తాను. నలుగురు మనుషులు కావాలి. తక్కువైతే ఆ చోట కంప్యూటర్ ఆడుతుంది, బాగుండదు.

మావయ్య: యార్డులో నాతో పాటు పాడిన వాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళకు చూపు కాస్త తగ్గింది కానీ ధర దగ్గర తగ్గలేదు. వాళ్ళూ నేనూ నువ్వూ. కాకపోతే ఆ వెనకబడ్డవాడికి కలిసొచ్చే రూలు తీసేసి ఆడదాం.

మేనకోడలు: తియ్యడానికి లేదు మావయ్యా. ఆ రూలుతోనే ఆడాలి. ఆడాక మీరు వాదించండి.

మావయ్య: వాదిస్తాను. ఇద్దరికీ ఫోన్ చెయ్యి, ఆదివారం రమ్మను.